ఇంజన్ గుంటలో నబీ సాహెబ్

నబీ సాహెబ్ గొంతుక్కూర్చుని, అడుగుచెక్కల మీద చేరిన నీళ్లలో వేలు ముంచి చూశాడు. రెండో కణుపు దాకా వచ్చాయి. మోటారు స్విచ్ వేశాడు. గొట్టం ఒకసారి దగ్గి, నీళ్లను తీసుకుపోయి మళ్లీ కృష్ణలోకే పోయడం మొదలుపెట్టింది.

ఒకప్పుడు ఈ గుంటలో ఇంజన్ ఉండేది. ఆత్మకూరు వైపు రేవు నుంచి అవతలి ఒడ్డుకు ముప్పై ఏళ్లు జనాన్ని మోసిన లాంచీ ఇది. ముసలిదైపోయిందని ఆపేశాక సోమశేఖర్ కొని, నాలుగు మోకులతో గట్టుకు కట్టేసి, రంగు దీపాలు తగిలించి హోటల్ చేశాడు. ఇంజన్ పాత ఇనుముకు పోయింది. దాని ఇరుసు దూరే రంధ్రానికి చెక్క బిరడా కొట్టారు గానీ అది కారుతూనే ఉంటుంది. నీళ్లు లేకుండా తిరిగితే మోటారు కాలిపోతుంది, ఎక్కువసేపు ఆపితే లాంచీ ఒరుగుతుంది. అందుకని పక్కనే ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి నబీ సాహెబ్.

అరవై నాలుగేళ్లు. పొట్టి మనిషి. ఇంజన్ మీదికి వంగి వంగి నడుము అలాగే ఉండిపోయింది. కుడి మోచేతి కింద జానెడు మేర చర్మం నున్నగా మెరుస్తుంది, అక్కడ వెంట్రుక మొలవదు. ఇంజన్ పోయి రెండేళ్లయినా గోళ్ల సందుల్లో నలుపు మాత్రం పోలేదు.

పైన చక్రం గదిలో, అప్పట్లో ఈ లాంచీ నడిపిన లింగన్న ఉంటాడు. తెల్ల డ్రస్సు, బంగారు రంగు అంచు టోపీ. ఎటూ పోని లాంచీకి చక్రం తిప్పుతుంటాడు. కర్నూలు నుంచీ కల్లూరు నుంచీ కార్లలో వచ్చినవాళ్లు సంగటీ నాటుకోడీ తిని, ఆయన పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. పిల్లలు "కెప్టెన్ తాతా" అంటారు. ఆ మాట కిందికి వినపడినప్పుడల్లా నబీ సాహెబ్ కడుపు భగ్గుమంటుంది. దాచడమెందుకు, అది అసూయే.

నిన్నమొన్నటిది కాదు. పెద్ద వరద వచ్చిన ఏడు మునిగిన ఊరి జనాన్ని ఈ లాంచీలోనే దాటించారు. నడి ఏట్లో డీజిల్ గొట్టం చిట్లితే నబీ సాహెబ్ దాన్ని చేత్తో అదిమి పట్టుకున్నాడు, ఆ చెయ్యి ఇంజన్‌కు ఆనుకుని కాలుతున్నా వదల్లేదు. ఒడ్డుకు చేరాక జనం లింగన్నను భుజాలకెత్తుకుని పూలదండ వేశారు. నబీ సాహెబ్ మసి గుడ్డ చేతికి చుట్టుకుని పైకి వచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు.

ఇప్పుడు సోమశేఖర్ ఇద్దరు ముసలివాళ్లు అక్కర్లేదు, ఒక్కరు చాలన్నాడు. ఆదివారం వ్యాపారం అయ్యాక ఒకరిని పంపించేస్తానన్నాడు. ఈ రోజే ఆదివారం. "ఆ లింగన్ననే పెట్టుకుంటాడులే, నిన్నెవరు చూస్తారు?" అంది పొద్దున అబీదా బీ, మొగుడికి రొట్టె మూట కడుతూ. పెళ్లాం నోటి నుంచి ఆ మాట వినడం మరీ కష్టమనిపించింది.

లాంచీ నడిచిన రోజుల్లో పైవాడికి ఏరు కనిపించేది, కిందివాడికి ఇంజనే కనిపించేది. ఇద్దరి మధ్యా ఒక తాడు, దాని కొసన గంట. ఒకసారి మోగితే ముందుకు, రెండుసార్లు మోగితే ఆపాలి, మూడుసార్లయితే వెనక్కి. ఎందుకని అడగకూడదు. ఆపాక మళ్లీ మోగేదాకా చెయ్యి కదపకూడదు.

మధ్యాహ్నం లాంచీ నిండా జనం. ఎవరో పిల్లవాడు మారాం చేస్తే లింగన్న తాడు లాగాడు. ఠంగు, ఠంగు. నబీ సాహెబ్ చెయ్యి తనంత తానే పోయి మోటారు ఆపేసింది.

మరుక్షణమే తెలిసింది, ఇది ఇంజన్ కాదని. నవ్వుకుని స్విచ్ మీద మళ్లీ చెయ్యి పెట్టాడు. అప్పుడే పైనుంచి, "కెప్టెన్ తాతా, ఇంకొక్క ఫోటో!"

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. 'గంట కొట్టకుండా నేనెందుకు ముట్టుకోవల్ల?' అనుకుని గోనెసంచి మీద కూర్చున్నాడు. నీళ్లు మడమలు తడిపాయి, చీలమండలు దాటాయి. లుంగీ మోకాళ్ల పైకి మడిచి శుభ్రంగా ఎగ్గట్టుకున్నాడు. ఒరగనీ. ఈ లాంచీ ఎవరి చేతిలో ఉండాదో ఒక్కపూటన్నా తెలియనీ.

లాంచీ ఒరిగింది. పళ్లేలు జారాయి, సంగటి ముద్దలు ఒళ్లలో పడ్డాయి, ఆడవాళ్లు కేకలేశారు. అందరూ చేతులైనా కడుక్కోకుండా గట్టుకు వేసిన చెక్క పలక మీదుగా ఎక్కేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అప్పుడు నబీ సాహెబ్ స్విచ్ వేశాడు.

సోమశేఖర్ నిచ్చెన దిగుతూనే అరిచాడు. "నిద్రపోతాండావా సాయిబూ? మోటారెందుకు ఆపినావు?"

"రెండు గంటలు కొట్నాడు. ఆపినా."

పైనున్న పనివాళ్లు పకపకా నవ్వారు. వాళ్లను తప్పుకోమని లింగన్న నిచ్చెన దిగాడు. నీళ్ల వంక చూశాడు. స్విచ్ వంక చూశాడు. మోకాళ్ల పైకి మడిచి కట్టిన లుంగీ వంక చూశాడు. నిద్రపోయిన మనిషి లుంగీ ఎగ్గట్టుకోడు. ముప్పై ఏళ్లు ఒకే లాంచీలో బతికినవాడికి ఆ మాత్రం తెలియదా?

"కొట్టింది నేనే సోమశేఖరా," అన్నాడు. "రెండు కొడితే ఆపల్ల. ఆయప్ప ఆపినాడు. పిల్లోని ఆటకు కొట్నా సూడు, తప్పు నాది."

"అయితే నువ్వే పో లింగన్నా. చక్రం ఎవురు తిప్పినా ఒకటే. నీళ్లు తోడేటోడు లేకుంటే మునుగుతాది."

ఎన్నో ఏళ్లుగా వినాలనుకున్న మాట అది. కానీ నబీ సాహెబ్ తల ఎత్తలేకపోయాడు. "లింగన్నా, నేను..." అన్నాడు.

"ఏం సాయిబూ?"

"ఏం ల్యా."

లింగన్న నిచ్చెనెక్కాడు. గుంటలో నుంచి ఏమీ కనిపించదు, అన్నీ వినిపిస్తాయి. డ్రస్సూ టోపీ అప్పగించిన మాటలు వినపడ్డాయి. వంట చేసే హంపమ్మ ఏడుపు వినపడింది. పనివాళ్లంతా పలక దాకా సాగనంపారు. పోయేటప్పుడు కూడా జనం వాడి వెంటే. ఒక్క అబద్ధమాడకుండా, ఒక్క మాట అనకుండా, ఎంత దర్జాగా పోయాడు! తన నోట్లో ఆగిపోయిన నిజం వాడైతే చెప్పేసి ఉండేవాడు. ఆ సంగతి తెలిసి నబీ సాహెబ్‌కు ఇన్నేళ్లలో ఎన్నడూ లేనంత ఈర్ష్య పుట్టింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పొద్దు వాలాక చక్రం గదికి ఎక్కాడు. అక్కడి నుంచి చూస్తే ఏరు అవతలి గట్టు దాకా కనిపించింది. ఏటిని గంగమ్మ అంటాడు లింగన్న, ఆ గదిలో ఏనాడూ చెప్పులతో నిలబడలేదు. ఎండకు కాలిన గులకరాళ్ల మీద ఊరిదాకా వట్టి కాళ్లతోనే నడిచిపోయినట్టున్నాడు. అంతమంది సాగనంపారు, ఎవరూ ఆయన కాళ్ల వైపు చూడలేదు. గడప పక్కన టైరు అడుగు వేసి కుట్టిన ఆయన చెప్పుల జత అలాగే ఉంది. ఎడమ చెప్పు మడమ దగ్గర అరిగి అరిగి, ఒక పక్కకు ఒరిగి ఉంది.