వాసన రాని మత్తు

పొద్దున్న ఆరు గంటలకల్లా గుంటూరు మిర్చి యార్డులో బుడాన్ మేస్త్రి ముఠా వరసగా నిలబడేది. పన్నెండు మంది హమాలీలు. మేస్త్రి ఒక్కొక్కరి ముందుకీ వచ్చి "ఊదరా" అనేవాడు. నోట సారా వాసన వచ్చినవాడికి ఆ రోజు పని లేదు. చుట్టమైనా అంతే, పరాయివాడైనా అంతే. తన తండ్రి ఇమాం హుస్సేన్ తాగి తాగి నలభై ఏళ్ళకే పోవడం ఆయన కళ్ళారా చూశాడు. "బుడాన్ ముఠాలో తాగుబోతు కనపడడు" అని కమీషన్ కొట్లలో చెప్పుకుంటుంటే ఆయన చెయ్యి దానంతటదే మీసం మీదికి వెళ్ళేది.

వినడానికి ఇదంతా ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ వరసలో నిలబడి ధీమాగా ఊదినవాళ్ళలో నలుగురైదుగురు యార్డు వెనక టైర్ల కొట్టులో చాటుగా అమ్మే గంజాయి పీల్చి వచ్చినవాళ్ళే. మిరప ఘాటులో ఆ వాసన ఎవరికి అందుతుంది? మేస్త్రికి మాత్రం సంగతి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. ఆయన దృష్టిలో అది మత్తే కాదు, ఒట్టి ఆకు. ఫకీర్లు పీల్చడం లేదా, సాధువులు పీల్చడం లేదా? పైగా పీల్చినవాడు పెళ్ళాన్ని కొట్టడు, ఎవరితోనూ తగువు పెట్టుకోడు, బరువు ఎత్తమంటే సణగడు. వీధి గుమ్మానికి తాళం వేసుకుని దొడ్డి గుమ్మం బార్లా తెరిచి పడుకున్న మనిషిని ఏమనాలి?

ఆ ముఠాలోనే మాలిక్ ఉన్నాడు. మేస్త్రి అక్క జహీరున్నీసాకు ఒక్కగానొక్క కొడుకు. తండ్రి లేని పిల్లవాణ్ణి తమ్ముడి చేతిలో పెట్టి ఆమె నిశ్చింతగా ఉంది. మొదట్లో రెండుసార్లు సారా తాగి వచ్చి, ఊదమన్నప్పుడు దొరికిపోయి ఇంటిదారి పట్టాడు. మూడోసారి నుంచి దొరకలేదు. దారి మార్చాడు మరి.

రెండువేల రెండు, ఫిబ్రవరి నెల. యార్డు బయట లారీలు సరుకుతో కిలోమీటరు పొడుగునా బారులు తీరి ఉన్నాయి. మాలిక్ కుడి భుజం పట్టుకుని వచ్చాడు.

"మామా, భుజం కదలటం లేదు. రెండు రోజులు ఇంటికాడ ఉంటా."

"ఈ వారం బళ్ళు ఆగవురా. టైర్ల కొట్టుకాడికెళ్ళి ఒక దమ్ము లాగిరా. నొప్పి అదే పోద్ది."

ఎంత తేలిగ్గా అన్నాడంటే, సాయంత్రానికి ఆ మాట ఆయనకే గుర్తు లేదు.

ఏప్రిల్ ఎండలు వచ్చాయి. అందరూ బనీన్లతో చెమటలు కక్కుతుంటే మాలిక్ పొడుగు చేతుల చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుని మరీ వస్తున్నాడు.

"ఏరా, ఈ ఎండలో పెళ్ళికొడుకులాగా ఆ చొక్కా ఏందిరా?" అన్నాడు మేస్త్రి.

"మిరప మంట మామా."

మేస్త్రి నవ్వి ఊరుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత, కొక్కెం తగిలి ఒక మిరపకాయల టిక్కీ చిరిగింది. ఆ గోతాంలోని కాయలూ, గింజలూ, పొడీ మాలిక్ మీద కుమ్మరించినట్టు పడ్డాయి. మంట హమాలీకి కొత్త కాదు. కానీ మాలిక్ ఎడమ చెయ్యి పట్టుకుని నేల మీద పడి దొర్లాడు. మేస్త్రి కొబ్బరినూనె సీసా తెచ్చి, వాడు వద్దువద్దంటున్నా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి మడతలో నల్లటి చుక్కలు. వాటి మధ్య నిమ్మకాయంత పుండు చీము పట్టి ఉంది. దాని నిండా మిరప పొడి.

"ఏందిరా ఇది?"

"మత్తు సూది మామా. టైర్ల కొట్టు జయరావు ఇచ్చాడు. గంజాయికి నొప్పి తగ్గలేదంటే, ఇది ఒకటి పొడుచుకో, మంత్రం వేసినట్టు పోద్దన్నాడు. పోయింది కూడా. ఇప్పుడు అది లేకపోతే పొద్దున లేవలేను." వాడు కళ్ళు మూసుకున్నాడు. "ఆ కొట్టుకి నువ్వే పొమ్మన్నావు గదా మామా."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

ఆసుపత్రిలో డాక్టర్ శ్రీరమ్య చెయ్యి చూసి, చీము ఎముక దాకా పోయిందనీ, చెయ్యి దక్కుతుందని మాట ఇవ్వలేననీ చెప్పింది. బుడాన్ తలపాగా చేతిలో నలుపుతూ అడిగాడు.

"గంజాయి పీల్చినోళ్ళంతా దీంట్లోకే వస్తారా అమ్మా? మా ముఠాలో త్రినాథ్ అని ఒకడు ఆరేళ్ళుగా పీలుస్తున్నాడు. సూది జోలికి పోలా."

"అందరూ రారండీ. చాలామంది రారు. మిమ్మల్ని భయపెట్టడానికి అబద్ధం చెప్పను. కానీ సూదులు పొడుచుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ముందు గంజాయి పీల్చినవాళ్ళే. ఎవడు ఆగుతాడో, ఎవడు ఆగడో ముందుగా చెప్పే పరీక్ష మా దగ్గర లేదు. అదీ ఇదీ అమ్మేది ఒక్కడే అయినప్పుడు, పిల్లవాడు రోజూ ఆ గడపలో నిలబడ్డట్టే గదా. లోపలికి తొయ్యడానికి ఒక నొప్పి చాలు."

నొప్పితో వచ్చినవాణ్ణి ఆ గడపకు పంపింది ఎవరో బుడాన్‌కు ఆమె చెప్పనక్కర్లేదు.

మూడో రోజున మాలిక్ ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. జహీరున్నీసా ఏడవలేదు. "బుడానూ, నీ దగ్గరుంటే వాడు చెడిపోడనుకున్నానురా" అంది. అంతే అంది.

బుడాన్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. టైర్ల కొట్టు మూతపడింది. మర్నాడు ముఠా ఎప్పటిలాగే వరసగా నిలబడింది. పదకొండు మంది. మేస్త్రి ముందుకు రాగానే మొదటివాడు అలవాటు కొద్దీ నోరు తెరిచాడు.

"నోరు మూసుకోరా" అన్నాడు బుడాన్. "ఎవరికి ఎక్కడ నొప్పుందో చెప్పండి."

 త్రినాథ్ చెయ్యి వెనక్కి పోనిచ్చి నడుం పట్టుకున్నాడు.

"నడుం, మేస్త్రీ. ఆరేళ్ళ నుంచీ."

"ఆ నొప్పికేనా పీల్చేది?"

అవునన్నట్టు త్రినాథ్ తల ఊపాడు.

"ఆసుపత్రికి పో. నీ పని నేను చేస్తా." బుడాన్ తలపాగా విప్పి భుజాన మడత వేసుకున్నాడు, ఇరవై ఏళ్ళ కిందట హమాలీగా వేసుకున్నట్టే.  "ఇన్నేళ్ళూ మీ నోళ్ళు వాసన చూశానే గానీ, మీ ఒళ్ళు ఎట్టా ఉందని ఒక్కనాడూ అడగలా. నా మేనల్లుడి చెయ్యి పోయాక తెలిసింది. ఆకే గదా అని పిల్లోణ్ణి పంపిస్తాం గానీ, వాడు ఆకు దగ్గరే ఆగుతాడని పూచీ పడే మొనగాడు ఈ లోకంలో లేడురా."