తొమ్మిదో మంచం గంట

ఆసుపత్రిలో రోగులు నర్సును పిలవడానికి నొక్కే మంచాల గంటలు గట్టిగా మోగేలా పొద్దున్నే ప్రోగ్రాం మార్చాను. మంచం అనే క్లాసులో, అంటే అన్ని మంచాలకూ కలిపి రాసిన ఒకే నమూనాలో, ఎలా మోగాలో చెప్పే ఒక్క మెథడ్ మారిస్తే నలభై మంచాలూ మారాలి. పదింటికి హెడ్ నర్సు ఫోన్ చేసింది.

"అన్నీ చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయమ్మా. తొమ్మిదోది మాత్రం పొద్దున్నుంచి కిక్కురుమనలేదు. ఆ మంచం మీద నిన్న రాత్రే చేరిన పెద్దావిడ నిద్రపోతోందేమోలే. అయినా ఓసారి చూడు."

క్లాసు పదిసార్లు చదివాను. తప్పేమీ లేదు. కూర్చోలేక లేచాను, నిలబడలేక కూర్చున్నాను. చివరికి ఆ నమూనా నుంచి తయారైన తొమ్మిదో మంచం ఆబ్జెక్టును విప్పి చూస్తే, దాని సొంత వేరియబుల్లో, అంటే దాని సొంత జేబులో, మోగడానికి వేరే ఫంక్షన్ ఉంది. మోగమంటే ఆబ్జెక్టు ముందు తన జేబు తడుముకుంటుంది. అక్కడ దొరికితే ఇక క్లాసు గడప తొక్కదు.

"ఏ తలమాసినవాడు పెట్టాడిది?" అని పళ్ళు నూరుతూ, ప్రోగ్రాంలో ఎవరు ఏం మార్చారో చెప్పే రికార్డు తీశాను.

పెట్టింది నేనే. పోయిన నెల ఆ మంచం మీద మా అమ్మ ఉంది. గంట మోతకు ఉలిక్కిపడుతోందని, వినీ వినబడనట్టు మోగే ఫంక్షన్ ఆ ఒక్క మంచానికే తగిలించాను. పక్కన నేనున్నాను కదా, నాకు వినబడితే చాలనుకున్నాను. అమ్మ వారానికే ఇంటికొచ్చేసింది. ఆ ఫంక్షన్ సంగతే మరిచిపోయాను.

వెంటనే దాన్ని చెరిపేసి నర్సుకు ఫోన్ చేశాను. ఆమె "హలో" అనేలోపే వెనక గంట ఖంగుమంది.

"తొమ్మిదోదే!" అంటూ పరుగెత్తింది. కాసేపటికి మళ్ళీ ఫోన్లోకి వచ్చింది.

"నిద్ర కాదమ్మా. పొద్దున్నుంచి నొక్కుతూనే ఉందంట."