రెండు డైమన్లు

చర్చి నుంచి తిన్నగా హాలుకి వచ్చిన ఫెమ్మి రుమెంగన్‌కి మెట్ల దగ్గరే ఓపిక అయిపోయింది. ఆవిడ ముప్పై ఏళ్ళుగా ఎక్కుతున్న మెట్లే అవి. కానీ పైన బ్రిడ్జి పేకాట పోటీ అధికారి వెంచె చేతులు కట్టుకుని తన కోసమే నిలబడి ఉన్నాడని కింది నుంచే తెలిసిపోయింది. వెంచె అలా నిలబడ్డాడంటే మంచి కబురు చెప్పడానికి కాదు.

"తాంతె, ఒక్క నిమిషం." చిన్నవాళ్ళందరికీ ఆవిడ తాంతె, అంటే పిన్ని; ఆవిడ జోడీ యోపీ ఓమ్, అంటే బాబాయి.

"ఊపిరి తీసుకోనీ నాయనా. ఈ మెట్లు కట్టించినవాడికి మోకాళ్ళు లేవనుకుంటా."

వెంచె నవ్వలేదు. "నిన్న కూడా ఓమ్ యోపీ పాట మర్చిపోయారు. మీరేమీ ఎరగనట్టు సర్దేశారు. ఎదుటి జోడీ నా దగ్గరికొచ్చి గొడవ."

"నా చేతిలో ముక్కలు చూసుకుని ఊహించాను. అది కూడా తప్పేనా?"

"ఒకసారైతే తప్పు కాదు. ఆయన మళ్ళీ మళ్ళీ మర్చిపోతారని మీకు తెలిసి, వాళ్ళకి తెలియకపోతే తప్పే. ఆ మర్చిపోవడం కూడా మీ పద్ధతిలో భాగం అయిపోయింది తాంతె. పద్ధతిలో ఉన్నదేదైనా ఎదుటివాళ్ళకి చెప్పాల్సిందే కదా. ఇవాళ చెప్పండి."

"అతని ముందా?"

"బల్లకి ఉండేదే నలుగురు. ఆయన్ని ఎక్కడికి పంపించమంటారు?"

ఈ రూలు ఫెమ్మి వెంచె పుట్టకముందు నుంచీ ఎరుగును. బ్రిడ్జిలో జోడీలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ముక్కలు అందుకున్నాక వేలంపాటలా పాట నడుస్తుంది. ఆరు పట్ల మీద ఇంకెన్ని గెలుస్తామో, ఏ రంగు తురుపుగానో పాడాలి. ఆ పాటలోనే నా దగ్గర ఇవి ఉన్నాయి, నీ దగ్గర ఏమున్నాయి అని చెప్పుకోవాలి. ఏ పాటకి ఏ అర్థమో జోడీ ముందే కూర్చుని ఒప్పందం చేసుకుంటుంది. ఆ ఒప్పందం రహస్యం కాకూడదు. ఎదుటివాళ్ళు అడిగితే, పాడినవాళ్ళు కాదు, వాళ్ళ జోడీలో రెండోవారు చెప్పాలి. మొగుడూ పెళ్ళాలకి కూడా ఇంత నిజాయితీ రూలు ఎవరూ పెట్టలేదు. ఫెమ్మి, యోపీ మొగుడూ పెళ్ళాలు కారు. ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని ముసలివాళ్ళైనవాళ్ళు, అంతే.

వాళ్ళ పద్ధతికి మనాడో ఊరంతటా లవంగాల పద్ధతి అని పేరు. యోపీ మండగికున్న లవంగాల గోడౌన్లో, ఆరబోసిన లవంగాల ఘాటుకి కళ్ళు మండుతుంటే, ఇద్దరూ కలిసి కట్టిన పద్ధతి అది. దాంట్లో ఏ పాటా పైకి కనిపించే అర్థంతో ఉండదు. రెండు డైమన్లంటే డైమన్లు కానే కావు. చేతిలో ఇస్పేటు ఐదు, ఆఠీను ఐదు ఉన్నాయని, పెద్ద ముక్కల బలం తక్కువని. దానితో వాళ్ళు ఎందరినో ఏడిపించారు. అడిగి తెలుసుకున్నా ఆ పద్ధతికి ఎదురాడలేక జకార్తా జోడీలు సైతం తలలు పట్టుకున్నాయి. ఫెమ్మికి అప్పట్లో గర్వం కూడా ఉండేది, దాచుకోవడం దేనికి.

రెండేళ్ళ క్రితం యోపీ మర్చిపోవడం మొదలుపెట్టాడు. ముందు ముక్కలు ఎవరు పంచారని అడిగాడు. జవాబు విని, కాసేపాగి మళ్ళీ అడిగాడు. తర్వాత ఓ పోటీలో పాట తప్పాడు. ఫెమ్మి భయపడింది. ఆ సంగతి అతని మొహం మీద అనలేక, "నాకు ఓపిక తగ్గిపోయింది యోపీ, ఇంత పద్ధతి మొయ్యలేను, కాస్త తేలిక చేద్దాం" అంది. నీ ఇష్టం అన్నాడతను. ఆవిడ ఒక్కొక్కటే పీకేసింది. ఇప్పుడు రెండు డైమన్లంటే డైమన్లే, చేతిలో ఆరు. ఇప్పుడే ఆట నేర్చుకున్నవాడు కూడా అలాగే పాడతాడు. అయినా యోపీ తప్పుతూనే ఉన్నాడు, ఫెమ్మి కప్పిపుచ్చుతూనే ఉంది. అలిసిపోయానని అప్పుడు చెప్పింది అబద్ధం. ఇప్పుడది నిజమైంది.

ఇక్కడ గెలిచిన మొదటి మూడు జోడీలే సురబయ పోటీకి వెళ్తాయి. వాళ్ళిద్దరూ నాలుగో స్థానంలో ఉన్నారు. ఫెమ్మికి సురబయ మీద మోజేమీ లేదు. యోపీ పరువు పోకూడదు, తను మోసగత్తె అనిపించుకోకూడదు, ఇద్దరూ ఈ మధ్యాహ్నం దాటి ఇంకా ఓ జోడీగా మిగలాలి. ఆవిడకి కావలసింది అంతే, కానీ ఆ మూడూ ఒక్కచోట పడేట్టు కనబడలేదు.

యోపీ అప్పటికే కూర్చుని ఉన్నాడు. గొరొహొ అరటికాయ ముక్కలు కారంలో అద్దుకుని తింటున్నాడు. ఫెమ్మిని చూసి రుమాలు తీసి ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. పేకముక్కలకి నూనె అంటితే అతనికి పడదు.

"ఆలస్యం చేశావు. ఫాదర్ ఇవాళ కూడా అందరినీ నరకానికి పంపించాడా?"

"నిన్ను తప్ప. నువ్వు దారి మర్చిపోతావని వదిలేశాడు." నోరు జారాక నాలుక్కరుచుకుంది. యోపీ మాత్రం హాయిగా నవ్వాడు.

ఎదుటి జోడీ గ్రసేలా, రింతో. ఇద్దరూ కాలేజీ పిల్లలు. గ్రసేలా వంగి నమస్కరించి కూర్చుంది. "తాంతె, మా మీద దయుంచండి. మీరు గోడ అవతల ముక్కలు కూడా చూస్తారని మా కోచ్ చెప్పాడు."

మాట మెత్తగానే ఉంది. దాంట్లో ముల్లు ఫెమ్మికి గుచ్చుకుంది. ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంది. యోపీ ముక్కల్ని రంగుల వారీగా సర్దుకుంటూ, పరీక్షకి కూర్చున్న పిల్లాడిలా పెదాలు కదుపుతున్నాడు. చెప్పకుండానే తన ముక్కలు తీసుకుంది.

మొదట పాడాల్సింది యోపీ. డబ్బాలోంచి పాట కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. రెండు డైమన్లు.

ఫెమ్మి తన ముక్కలు చూసుకుంది. ఆసు, రాజు, జాకీతో కలిపి ఐదు డైమన్లు తన చేతిలోనే ఉన్నాయి. అతని దగ్గర ఆరుంటే, పేకలో ఉండే పదమూడింటిలో ఇక మిగిలేది రెండు. అంత వింత పంపకం ఎక్కడ జరుగుతుంది. మళ్ళీ మర్చిపోయాడు, పాత పద్ధతిలో పాడాడు, దగ్గరున్నవి ఇస్పేట్లూ ఆఠీన్లూ అని తేల్చుకుంది.

"తాంతె, ఏమిటిది?" గ్రసేలా అడిగింది.

"డైమన్లు. ఆరు. బలం తక్కువ."

"అంతేనా?"

ఫెమ్మి యోపీ వంక చూడలేదు. చూడకూడదు కూడా. "మా ఒప్పందం అది. కానీ ఓమ్ యోపీ అప్పుడప్పుడు మర్చిపోతున్నారు. మర్చిపోతే పాత పద్ధతి. అంటే ఇస్పేటు, ఆఠీను. ఐదేసి."

రింతో తన ముక్కల్లోకి తలదూర్చేశాడు. గ్రసేలాకి అడిగినందుకు సిగ్గేసినట్టుంది, "సరే తాంతె" అని చిన్నగా అని పాస్ కార్డు పెట్టింది. యోపీ మొహంలో ఏమీ లేదు. ముప్పై ఏళ్ళు సాధన చేసిన మొహం అది.

ఫెమ్మి చేతిలో నాలుగు ఆఠీన్లున్నాయి. అతని ఐదుతో తొమ్మిది. నాలుగు ఆఠీన్లు అని పాడింది.

ఇప్పుడు రింతో వంతు. ఆమె పాటకి అర్థం యోపీని అడగాలి. "ఓమ్, ఇది?"

యోపీ గొంతు సవరించుకున్నాడు. "ఆవిడకి సొంతంగా ఆఠీన్లున్నాయి. ఆరు, ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు. నా సాయం అక్కర్లేకుండా ఆడుకోవడానికే పాడింది."

అది కొత్త పద్ధతి. అక్షరం పొల్లుపోకుండా కొత్త పద్ధతి. పాతదాన్లో ఉన్నవాడైతే, నా రెండు రంగుల్లో ఆవిడకి ఆఠీను నచ్చింది అని చెప్పేవాడు. యోపీ మర్చిపోలేదు. ఆ చేతిలో నిజంగా ఆరు డైమన్లున్నాయి. తను నలుగురిలో అతన్ని మతిమరుపువాణ్ణి చేసి కూర్చోబెట్టింది.

రింతో పాస్ అన్నాడు. ఇంకా ఒక దారుంది, అది యోపీ చేతిలో. తన జోడీ పొరపడిందని అతనికి ఇప్పుడు తెలుసు. ఐదు డైమన్లంటే చాలు, ఆట నిలబడుతుంది. కానీ ఆమె పొరపడిందని తెలిసింది పాట ద్వారా కాదు, ఎదుటివాళ్ళకి చెప్పిన మాట ద్వారా. ఆ మాట విననట్టే ఆడాలి, అది రూలు. ఎవరూ కనిపెట్టలేని దొంగతనం అది, చాలామంది చేస్తారు కూడా. యోపీ ఆలోచించనైనా ఆలోచించలేదు. పాస్ కార్డు తీసి నెమ్మదిగా పెట్టాడు.

ఆడాల్సింది ఫెమ్మి. ఆవిడ జోడీ కాబట్టి యోపీ తన ముక్కలన్నీ బల్ల మీద పరిచాడు. ఆఠీన్లు రెండే, మిగతావి వచ్చాక చివర్న డైమన్లు, పెద్ద నుంచి చిన్న దాకా వరసగా ఆరు. పది పట్లు కావాల్సిన చోట ఆవిడకి ఆరు వచ్చాయి.

"ఐదు డైమన్లు కళ్ళు మూసుకుని ఆడినా వచ్చేవి కదా తాంతె," అన్నాడు రింతో. వెంటనే "అబ్బా" అని కాలు వెనక్కి లాక్కున్నాడు.

"బల్ల కింద తన్నడం సైగ కిందికొస్తుంది అమ్మాయ్," అన్నాడు యోపీ. "వెంచెని పిలవమంటావా?"

పిల్లలిద్దరూ నవ్వారు. ఫెమ్మికి నవ్వు రాలేదు.

విరామంలో వరండాలో నిలబడ్డారు. రేవు మీద వాన పడుతోంది. ఫెమ్మి రెండు కాఫీలు తెచ్చింది గానీ, అతనికి ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

"నువ్వు మర్చిపోలేదు," అంది.

"వారం నుంచీ రోజూ పొద్దున్నే చదువుకుంటున్నాను, నువ్వు రాసిచ్చిన కాగితం. మా ఆవిడ అప్పజెప్పించుకుంటోంది. దానికి పేకలో రాజెవరో రాణెవరో తెలియదు, కానీ తప్పితే మాత్రం గరిటె చూపిస్తుంది."

"క్షమించు యోపీ."

"దేనికి? నువ్వు చెప్పింది అబద్ధం కాదుగా. మర్చిపోతున్నాను. నాకు తెలియదనుకున్నావా?" కాఫీ కప్పు తనే తీసుకున్నాడు. "కానీ ఒకటి చెప్పు. ఆ లవంగాల పద్ధతి ఎందుకు పీకేశావు? అది నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. ఈ కొత్తదే నిలవదు. ఇవాళ ఎక్కించుకుంటాను, రేపటికి దిగిపోతుంది."

ఫెమ్మి ఇంత కాలం చేసిన సేవంతా తలకిందులుగా చేసింది. అతనికి గట్టిగా ఉన్న నేల తవ్విపారేసి, జారే చోట నిలబెట్టింది. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అలిసిపోయానన్నావు కదా. మొయ్యలేనన్నావు. నేనే మొయ్యమంటే బాగుంటుందా?"

ఆవిడకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు పద్ధతిని తగ్గించుకుంటూ పోయారు. పాట తప్ప మాట పనికిరాని ఆట ఇన్నేళ్ళు ఆడి, బల్ల దిగాక కూడా మాట్లాడుకోవడం మర్చిపోయారు.

"ఫెమ్, నేను ఏదో ఒకరోజు అన్నీ మర్చిపోతాను," అన్నాడు యోపీ, వాన వైపు చూస్తూ. "వాళ్ళకి చెప్పు, ప్రతి బల్ల దగ్గరా చెప్పు, నాకు చిన్నతనం లేదు. కానీ నువ్వు మాత్రం నా పాట విను. దాని వెనక ఇంకేదో ఉందని వెతక్కు. ఎదురుగా కూర్చున్న మనిషి నన్ను వినడం మానేసిందని తెలిసి పాడటం ఎంత కష్టమో నీకు తెలియదు." తర్వాత అడిగాడు, "మనది ఇప్పుడు ఏ బల్ల?"

"కిటికీ పక్కది."

మెట్టు దాటుతూ మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పింది.

కిటికీ పక్కన ఇద్దరు పెద్దమనుషులు, పాత పరిచయస్థులే. రెండు ఆటలు మామూలుగా గడిచాయి. మూడోదాన్లో యోపీ మళ్ళీ రెండు డైమన్లు పెట్టాడు. పేకముక్కలకి సిగ్గుండదు.

ఏమిటని అడిగారు. "డైమన్లు ఆరు, బలం తక్కువ," అంది ఫెమ్మి, ఈసారి గొంతు తగ్గించకుండా. "మర్చిపోవడం కూడా ఉంది. మర్చిపోతే ఇస్పేటు, ఆఠీను." యోపీ అవునన్నట్టు తలూపి, అంతలోనే ఆపుకున్నాడు.

ఎదుటి జోడీలో మొదటాయన పాస్ అన్నాడు. ఫెమ్మి తన ముక్కలు చూసుకుంది. ఇస్పేటు ఒక్కటి, ఆఠీన్లు రెండు, ఆసూ రాజులతో డైమన్లు నాలుగు, మిగిలినవన్నీ కళావర్లు. తన దగ్గర ఇస్పేట్లూ ఆఠీన్లూ లేనట్టే. ఉన్నవాడు పాడకుండా ఊరుకోడు, కానీ ఆయన పాస్ అనేశాడు. అవి యోపీ దగ్గరే ఉన్నాయని చెప్పడానికి ఇన్నేళ్ళ ఆట అక్కర్లేదు. కళావర్లలోకి జారుకోవచ్చు. పాస్ అనేసి ఊరుకోనూ వచ్చు.

ఐదు డైమన్లు పాడింది.

యోపీ కళ్ళు ఒక్క క్షణం కార్డు మీద ఆగాయి. తను మర్చిపోయాడని అప్పుడు తెలిసిందతనికి. తెలిసినా, ఆవిడ చెప్పిన అర్థం విననట్టే పాస్ అన్నాడు. డైమన్లు ముందు పాడింది అతనే కాబట్టి ఆడాల్సింది కూడా అతనే. ఫెమ్మి తన ముక్కలు పరిచింది, తురుపు కాబట్టి డైమన్లు ముందు. తన చేతిలో ఒకే ఒక్క డైమన్ పెట్టుకుని యోపీ ఆ ఆట చివరిదాకా ఆడాడు, మర్యాదగా, తొందరపడకుండా. ఘోరంగా ఓడిపోయారు. సురబయ సంగతి అక్కడితో సరి. పెద్దమనుషులు గెలుపు రాసుకుని, చూడనట్టు కిటికీ వైపు తిరిగారు.

"ఇది మర్చిపోయాను, ఫెమ్."

"ఊఁ."

"నీకు తెలిసిపోయే ఉంటుంది. ఆ ముక్కలు చేతిలో ఉంటే నీకు తెలియకపోవడమేమిటి. తెలిసే పాడావా?"

ఫెమ్మి ముక్కలు పోగుచేసి, అంచులు సరిచేసి, అరలో పెట్టింది. నడుం లాగేస్తోంది. ఇంకా రెండు బల్లలు మిగిలాయి.

"నువ్వు డైమన్లన్నావు కదా యోపీ," అంది.