చివర ‘రా’ లేకుండా

టైలరమ్మ ఇంట్లో కుక్కకి గుండీ అని పేరు పడింది. అరచేతిలో పట్టేంత పిల్లగా ఉన్నప్పుడు అది కుట్టుమిషను కిందికి దూరి, కోటుకి కుట్టాల్సిన ఆరు గుండీల్లో నాలుగు మింగేసింది. రెండు రోజులపాటు ఇంటిల్లిపాదీ దాని వెనకాలే తిరిగారు. మూడు బయటపడ్డాయి. నాలుగోది ఇప్పటికీ దాని కడుపులోనే ఉందని అత్తగారి గట్టి నమ్మకం.

ఏడాదిన్నర తిరిగేసరికి గుండీ దూడంత అయింది. చెడ్డది కాదు. ఒక్కరినీ కరిచి ఎరగదు. దానికున్న జబ్బల్లా ప్రేమ. ఇంటికి ఎవరొచ్చినా ముందుకాళ్లు రెండూ ఎత్తి గుండెల మీద పెట్టి, ముఖం నాకితే గాని దాని మనసు కుదుటపడదు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు గేటు దగ్గరే ఆగి, కుక్కని కట్టేశారా అని అరిచి మరీ లోపలికి వచ్చేవారు.

అది కూడా నవ్వుకుంటూ సర్దుకుపోయే సంగతే, అత్తగారు పడకపోయి ఉంటే.

ఆ రోజు పొద్దున్న అత్తగారు ఉతికిన బట్టల బకెట్టు పట్టుకుని వరండా మెట్లు దిగుతోంది. మెట్లు మూడే. ఆవిడ వెనకాల, గుమ్మంలో గుండీ నిలబడి ఉంది. అప్పుడే ఆవిడ కొడుకు, అంటే టైలరమ్మ మొగుడు, గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. రాత్రి డ్యూటీ దిగి వస్తున్నాడు. ఆయన్ని చూడగానే కుక్క తోక ఆడింది. తల్లి అడ్డంగా ఉందని ఆయన చెయ్యెత్తి గట్టిగా అరిచాడు. కుక్క ఒక్క ఉరుకున మెట్ల మీదుగా ఆయన దగ్గరికి దూకింది. దాని భుజం తగిలి అత్తగారు రెండో మెట్టు మీంచి పక్కకి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషను అయింది. ఆసుపత్రికి దగ్గరని ఆవిడ కొన్నాళ్లు కూతురింట్లో ఉంది. చూడడానికి వచ్చినవాళ్లందరికీ మెకానిక్కు ఒకే మాట చెప్పాడు.

“ఆగరా, ఆగరా అని మొత్తుకున్నాను. వింటేనా? నా కళ్ల ముందే అమ్మని పడేసింది.”

టైలరమ్మకి ఆయన సంగతి తెలుసు. తల్లి మీద ఈగ వాలినా ఓర్చుకోలేని మనిషి. అందుకే, అమ్మ వాకరు పట్టుకుని ఇంట్లో అడుగుపెట్టే వేళకి కుక్క ఇంట్లో ఉండకూడదని ఆయన తేల్చి చెప్పినప్పుడు ఆమె ఎదురు చెప్పలేదు. ఊరి చివర టైర్ల గోడౌనులో ఆయన స్నేహితుడు మేనేజరు. కాపలాకి కుక్క కావాలని ఎప్పట్నించో అడుగుతున్నాడు. ఆ గోడౌను టైలరమ్మ ఒకసారి చూసింది. రేకుల షెడ్డు, ఇనప గుంజ, గుంజకి బారెడు గొలుసు. మనిషి కనిపిస్తే చాలు ఒళ్లంతా ఊపుకునే జంతువుని తీసుకెళ్లి ఆ గుంజకి కట్టడం తలుచుకుంటే ఆమెకి అన్నం సహించలేదు.

అత్తయ్య రావడానికి ఇరవై రోజులుంది కదా, ఆ ఇరవై రోజులు నాకివ్వండి అని అడిగింది. ఆ రోజు అత్తయ్య లోపలికి వస్తుంటే కుక్క తన చోటు కదలకుండా కూర్చుంటే ఉంటుంది, కదిలితే మీ ఇష్టం అంది. మెకానిక్కు సరే, ఆ సాయంత్రానికే గోడౌను వ్యాను రమ్మంటాను, అప్పుడు మాత్రం ఏడవకూడదు అన్నాడు.

మర్నాడే ఆమె పశువుల ఆసుపత్రికి వెళ్లి కాంపౌండరుని పట్టుకుంది. ఆయన నెమ్మదస్తుడు. పిల్లికి సూది వేస్తూనే, దాని చెవి నిమురుతూనే చెప్పాడు. కొట్టకూడదు, అరవకూడదు. ఒక పనికి ఒకే మాట. ఇంట్లో అందరూ అదే మాట అనాలి. మాట విన్న మరుక్షణం నోట్లో చిన్న ముక్క పడాలి. ఆలస్యమైతే ఆ ముక్క దేనికిచ్చారో దానికి తెలియదు. పూటకి ఐదు నిమిషాలు చాలు. విసుగొస్తే మానేసి రేపు చూసుకోవాలి.

“విసుగు దానికా, నాకా?” అని టైలరమ్మ అడిగింది.

“దానికి రాదమ్మా. మనకే వస్తుంది,” అన్నాడాయన.

గుమ్మం పక్కన పాత తివాచీ ముక్క పరిచి అది గుండీ చోటు అంది. బ్రెడ్డు ముక్కలు చిన్నచిన్నగా చించి చీర కుచ్చిళ్ల పక్కన గుడ్డసంచిలో దోపుకుంది. అరచెయ్యి ఎత్తి చూపిస్తూ కూర్చోబెట్టింది, నిలబెట్టింది, ఆపింది. ఎత్తు స్టూలు ఒకటి పట్టుకుని టకటకలాడిస్తూ ఇల్లంతా ముసలమ్మలా నడిచింది, వాకరు చప్పుడు దానికి అలవాటవ్వాలని. ఎదురింటావిడ కిటికీలోంచి చూసి, ఏమమ్మా, నడుం పట్టేసిందా అని కంగారు పడింది కూడా.

ఎనిమిది రోజులయ్యాయి. టైలరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. గుండీ ఒకసారి చెప్పగానే రాయిలా కూర్చునేది. మరుసటిసారి అదే మాటకి లేచి వచ్చి మీద పడేది. దీనికి బుద్ధి ఉందో లేదో అర్థం కాలేదు. మెకానిక్కు చూసి పెదవి విరిచి పోయేవాడు.

తొమ్మిదో రోజున ఒక టీచరమ్మ పొడవు గౌను అంచు సరిచేయించుకోవడానికి వచ్చింది. టైలరమ్మ ఆమెని బల్ల మీద నిలబెట్టి, తాను మోకాళ్ల మీద కూర్చుని, పెదాల మధ్య ఐదారు గుండుసూదులు పెట్టుకుని అంచు మడుస్తోంది. తలుపు సరిగ్గా పడలేదు కాబోలు, గుండీ తోసుకుని లోపలికి వచ్చేసింది. టీచరమ్మ కెవ్వుమంది. టైలరమ్మకి నోరు తెరిచే వీలు లేదు. అరచెయ్యి ఎత్తి, ముక్కుతో ఊఁ అంది. అంతే.

కుక్క కూర్చుంది. అంచు మడవడం పూర్తయ్యేదాకా కదల్లేదు.

ఇంత చక్కగా ఎలా నేర్పారండీ అని టీచరమ్మ మెచ్చుకుంటే టైలరమ్మకి ప్రాణం లేచి వచ్చింది. సూదులన్నీ తీసి దిండుకి గుచ్చి, పొంగిపోతూ, “మా నాన్నవిరా! అలాగే కూర్చోరా,” అంది.

గుండీ లేచి వచ్చి ఇద్దరి మీదా పడింది.

టీచరమ్మని సముదాయించి పంపించాక టైలరమ్మ ఆలోచనలో పడింది. నోట్లో సూదులుంటే వింటుంది. తీస్తే వినదు. సూదులున్నప్పుడు తను చేయలేనిదీ, తీశాక చేసిందీ ఏమిటి? వంటింటి మూల నిలబడి చప్పగా, “కూర్చో,” అంది. కూర్చుంది. “కూర్చోరా,” అంది. లేచి వచ్చింది. “పోరా,” అంది. ఇంకా దగ్గరికి వచ్చింది. అనుమానం తీరక, “దుప్పటిరా,” అంది. తోకాడించుకుంటూ వచ్చి ఒళ్లో తల పెట్టింది.

అది బుద్ధెరిగాక నేర్చుకున్న మొదటి మాట ‘రా’. అత్తగారు గిన్నె చప్పుడు చేస్తూ, రా రా రా అని పాలకి పిలిచి నేర్పింది. ఇక ఆ ఇంట్లో ముద్దొచ్చినా కోపమొచ్చినా మాట చివర ‘రా’ తగిలించకుండా ఎవరికీ నోరు మూతపడదు. వద్దురా, దిగరా, ఛీ పోరా. పాపం అది ప్రతిసారీ విన్నది, ప్రతిసారీ వచ్చింది, వచ్చినందుకు ప్రతిసారీ తిట్లు తిన్నది.

టైలరమ్మ నేల మీద చతికిలబడి పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఆ పొద్దుటి మెట్లు గుర్తొచ్చాయి. గేటు దగ్గర ఆయన చెయ్యెత్తి అరిచిన మాట గుర్తొచ్చింది.

నవ్వు ఆగిపోయింది.

కుక్క మాట విననందుకు అత్తయ్య పడలేదు. విన్నందుకే పడింది. ఈ సంగతి ఆయనకి చెబితే కుక్క తప్పు తుడిచిపెట్టుకుపోతుంది. కానీ ఆ తప్పు వెళ్లి ఎవరి నెత్తిన కూర్చుంటుందో ఆమెకి తెలుసు. ఇప్పటికే ఈ కొద్ది రోజుల్లో పదేళ్లు పైబడ్డట్టున్నాడు. ఎలా చెప్పాలో తెలియక ఊరుకుంది. మీరు మాత్రం కొన్నాళ్లు దానితో మాట్లాడకండి అని బతిమాలింది. నాకేం పని దానితో అని ఆయన ముఖం తిప్పుకున్నాడు.

అత్తగారికి మాత్రం ఫోనులో సగం సంగతి చెప్పింది, ‘రా’ అనకూడదన్నంత వరకు. ఆవిడ అటు నుంచి ‘రా’ లేకుండా ఒకటి రెండు మాటలు అని చూసుకుంది.

“నావల్ల కాదే అమ్మాయ్. డెబ్భై ఏళ్ల నోరు. ‘రా’ మానాలంటే నాకు ‘అండీ’ ఒక్కటే దారి.”

“కుక్కనా?”

“మీ మామగారిని అనలేదూ? దీన్నంటే ఏం పోయింది!”

మిగిలిన రోజులు టైలరమ్మ సూదులు నోట్లో ఉన్నట్టే మాట్లాడింది. కూర్చో. ఆగు. దిగు. వెళ్లు. మాట వెంట అరచెయ్యి, పని వెంట బ్రెడ్డు ముక్క. ముద్దొస్తే పెదవి కొరుక్కుంది. గుండీ ముఖంలో తేడా ఆమెకే కనిపించింది. ఇదివరకు ఏదైనా చెబితే చెవులు వెనక్కి పెట్టి బెదురుగా చూసేది. ఇప్పుడు చెవులు ముందుకి పెట్టి, ఇంకా ఏమైనా చెబుతారా అన్నట్టు చూస్తోంది.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం గేటు ముందు ఆటో ఆగింది. కూతురు ఒక పక్క పట్టుకోగా అత్తగారు మెట్లెక్కి, వాకరు టకటకమనిపిస్తూ గుమ్మంలోకి వచ్చింది. గుండీ తివాచీ మీద కూర్చుని ఉంది. ఆవిడని చూడగానే దాని ఒళ్లంతా వణికింది. గొంతులోంచి సన్నటి మూలుగు వచ్చింది. తోక నేలని టపటప కొట్టింది. కానీ లేవలేదు.

“కూర్చోండి బాబూ, కూర్చోండి. తమరు లేవకండి,” అంది అత్తగారు.

కూతురు పక్కున నవ్వింది. యాభై ఏళ్ల అన్నయ్యకే ఈ జన్మలో ఆ మర్యాద దక్కలేదు అంది. టైలరమ్మ నవ్వలేదు. అరచెయ్యి దించలేదు. వాకరు ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది.

వెనకాల సంచి మోసుకొస్తున్న మెకానిక్కు కుక్క వణకడం చూశాడు. భయంతో సంచి వదిలేసి అరిచాడు.

“ఆగరా!”

గుండీ లేచింది. అత్తగారి పక్క నుంచి ఆయనవైపు ఉరకబోయింది.

“ఆగు,” అంది టైలరమ్మ. గొంతు పెంచలేదు.

కుక్క గాల్లో ఎత్తిన కాలు అలాగే ఉంచి నిలబడిపోయింది. వాకరుకి జానెడు దూరం.

“చూశావా?” అన్నాడు మెకానిక్కు. “నా కళ్లారా మళ్లీ చూశాను. అమ్మని లోపలికి తీసుకెళ్లు. నేను వ్యాను వాడికి ఫోను చేస్తాను.”

టైలరమ్మ ముందు అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టింది. కుక్కకి బ్రెడ్డు ముక్క పెట్టి తివాచీ మీదకి పంపింది. అప్పుడు మొగుడి దగ్గరికి వచ్చి, పదకొండు రోజులుగా దాస్తున్న మాటని, కొత్త పాఠం మొదలుపెట్టేటప్పటిలా నెమ్మదిగా మొదలుపెట్టింది.

“ఒక్కసారి నా మాట వినండి. దాన్ని ‘ఆగు’ అనండి. చివర ‘రా’ లేకుండా.”

ఆయన చిరాగ్గా చూశాడు. అయినా, “ఆగు,” అన్నాడు. గుండీ కదల్లేదు.

“ఇందాకటిలా అనండి ఇప్పుడు.”

“ఆగరా.”

గుండీ లేచి, గోడవారగా వచ్చి, ఆయన మోకాళ్లకి తల ఆనించింది.

ఆయన దానివైపు చూస్తూ నిలబడిపోయాడు. మెకానిక్కు కదా, ఆయనకి రెండోసారి చెప్పాల్సిన పని లేదు. పైకి వెళ్లమని మీట నొక్కితే కిందికి దిగే లిఫ్టులు ఎన్ని చూశాడో. ఎప్పుడూ లిఫ్టుని తిట్టలేదు. తీగ ఎవరు ఎక్కడ తప్పు కలిపారో వెతికేవాడు. ఆయన పెదాలు ఏదో లెక్క కట్టుకున్నట్టు కదిలాయి. గుమ్మంలోంచి మెట్లవైపు, అక్కణ్ణించి గేటువైపు చూశాడు.

బయటికి వెళ్లి రెండో మెట్టు మీద కూర్చున్నాడు. టైలరమ్మ వెంట వెళ్లలేదు.

సాయంత్రం గోడౌను వ్యాను వచ్చింది. మెకానిక్కు గేటు తియ్యకుండానే, కుక్కని ఇవ్వడం లేదని చెప్పాడు. మాట వినదన్నావుగా అన్నాడు వ్యానువాడు.

“మొదట్నుంచీ వింటూనే ఉంది. మాకే చెప్పడం రాలేదు,” అని ఆయన లోపలికి వచ్చి, తల్లి మంచం పక్కన నిలబడ్డాడు.

“ఏమిట్రా అలా ఉన్నావు?” అంది అత్తగారు.

“అమ్మా, ఆ రోజు దాన్ని పిలిచింది నేనే.”

ఆవిడ కొడుకుని ఎగాదిగా చూసింది. సగమే తెలిసిన ఆవిడకి మిగతా సగం ఆ ముఖంలో కనిపించింది.

“నువ్వు ఆగమన్నావు. దానికి రమ్మని వినబడింది. ఇద్దరూ ప్రేమతోనే కదరా తగలబడ్డారు. నా తుంటికి ఎవరి మీదా కోపం లేదు గాని, కాలి కింద ఆ దిండు ఇంకాస్త పైకి జరుపు.”

ఆయన దిండు జరిపాడు. సరిపోలేదంటే మళ్లీ జరిపాడు. తర్వాత మిషను దగ్గరికి వచ్చి, ఏ మాటకి కుక్క ఏం చేస్తుందో కాగితం మీద రాసివ్వమని పెళ్లాన్ని అడిగాడు. ఆమె కొలతల చీటీ వెనక నాలుగు మాటలు రాసి, బ్రెడ్డు ముక్కల సంచితో సహా ఇచ్చింది.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, కుక్కని వరండాలోకి తీసుకెళ్లి, చీటీ చూసి చదవడం మొదలుపెట్టాడు. రెండుసార్లు నాలుక జారింది. రెండుసార్లూ గుండీ దగ్గరికి వచ్చేసింది, రెండుసార్లూ ఆయన ఏమీ అనకుండా దాన్ని నడిపించుకెళ్లి మళ్లీ మొదటి చోట నిలబెట్టాడు. టైలరమ్మ మిషను తొక్కడం ఆపి వింటోంది. మూడోసారి ఆయన ఊపిరి పీల్చుకుని, ఒక్కొక్క అక్షరం విడిగా పలికాడు. వరండాలో కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత కుక్క బ్రెడ్డు నమిలే చప్పుడు వినబడింది.