మొండిచెవి కోసం వల

గడప మీద కాళ్ళు చాపుకుని కోడలు వల కుడుతోంది. నిన్న ఏదో కుక్క ప్రాణం మీదకొచ్చి కొరికినట్టుంది, అడుగున ఇంత మేర తెగి వేలాడుతోంది. దబ్బనంలో నైలాను దారం ఎక్కించి, ఒక్కో కన్నూ దగ్గరికి లాగి ముడి బిగిస్తోంది. భర్త పురపాలక సంఘం వాళ్ళ కుక్కల బండి మీద పనిచేస్తాడు. వల చిరిగితే వాళ్ళు కొత్తది ఇచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది, అందుకని ఇంటికి తెచ్చి ఆమె ఒళ్ళో పడేస్తాడు. పెళ్ళైన కొత్తలో ఆ వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు ఆ ఊసే లేదు.

ఇవాళ మాత్రం దారం మాటిమాటికీ చిక్కుపడుతోంది. వీధి చివర చప్పుడైతే చాలు, తల ఎత్తి చూస్తోంది.

లోపల టీవీలో నలుగురు ఒక్కసారే మాట్లాడుతున్నారు. ఆ గోల లేనిదే మామగారికి కాఫీ దిగదు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, ఎవరి వాదన నచ్చకపోతే వాళ్ళని దారి మధ్యలోనే దింపేస్తాడు.

"దిగవయ్యా దిగు, నీ స్టేజీ ఎప్పుడో దాటిపోయింది!" అన్నాడు తెర మీది కళ్ళజోడాయనతో. "వింటున్నావా అమ్మాయ్? ఏదో దేశంలో అసలు వీధికుక్కన్నదే కనపడదట. ఇంకెక్కడో చంపేద్దామని చట్టం తెస్తే జనం రోడ్డెక్కారట. మనవాళ్ళేమో అన్నిటినీ ఎత్తుకెళ్ళి షెడ్లలో పెడతారట."

"షెడ్లు ఎక్కడున్నాయి మామయ్యా?"

"ఆ ఎర్రచీరావిడ అడిగేదీ అదే. ఒక్కడూ నోరు విప్పడే!"

షెడ్లు ఎలా ఉంటాయో ఆమెకి కొంత తెలుసు. ఊరి బయట ఒకటుంది. భర్త అక్కడ కుక్కల్ని దింపి వచ్చిన రోజున అన్నం కెలికి వదిలేస్తాడు. అడిగితే, "ఇరుకు," అంటాడు. అంతకుమించి చెప్పడు.

ఇదివరకు పద్ధతి వేరు. కుక్కని పట్టేవారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేవారు, గుర్తుకి చెవి కొస కత్తిరించి, తెచ్చి అదే వీధిలో వదిలేవారు. ఈ వీధిలో తిరిగే మొండిచెవి కుక్కని అలా తెచ్చి వదిలింది ఆమె భర్తే. మత్తు వదలక తూలుతున్న దానికి పాలలో రొట్టె నానబెట్టి పెట్టింది ఆమె. అప్పట్నుంచి పొద్దున్నే గిన్నె చప్పుడైతే మెట్ల దగ్గర హాజరు. కొత్త ఉత్తర్వు వచ్చాక చెవి కోసిందీ లేదు, కోయనిదీ లేదు, అన్నీ బండెక్కాల్సిందే.

భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు.

"అయిందా?"

"అవుతోంది."

"ఇవాళ మన వీధి. మేస్త్రీ కూడా వస్తానన్నాడు. ఊరందరి కుక్కల్నీ పట్టేవాడివి, నీ గుమ్మంలో దాన్ని మేపుకుంటున్నావేంటని నిన్న అందరి ముందూ కడిగేశాడు. ఇవాళ కూడా ఒట్టి చేతులతో నిలబడితే చెత్తబండికి మార్చేస్తాడట."

"ఎక్కడైనా పనేగా?" అన్నాడు లోపల్నుంచి మామగారు.

"అక్కడ ఇచ్చేది ఇందులో సగం నాన్నా. మీ కాఫీ కూడా సగం అవుతుంది."

మామగారు టీవీ చప్పుడు పెంచాడు.

భర్త ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నేను వెళ్తే బండి చప్పుడుకే మాయమైపోతోంది. నువ్వు పిలిస్తే వస్తుందే."

ఆమె దబ్బనం ఆగింది. ఇది ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడని తెలుసు. అడగకుండా ఉంటే బాగుండునని రోజూ అనుకుంటూనే ఉంది.

అంతలో పక్కింటి పిన్ని మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. పిల్ల పిక్కకి ఇంకా కట్టు ఉంది.

"ఏమ్మా, ఇవాళైనా పడుతుందా మీ చుట్టం?"

"అదే కరిచిందని తెలీదుగా పిన్నీ."

"తెలియడానికి అదేమన్నా పేరు చెప్పి కరుస్తుందా? సూది పడ్డ ప్రతిసారీ ఇది ఆస్పత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. నువ్వు వచ్చి పట్టుకున్నావా?"

ఆమె పిల్లని దగ్గరికి తీసుకుంది. "దాని చెవి చూశావా తల్లీ?"

"తోకే చూశాను," అంది పిల్ల. "నేను పరిగెడుతున్నా కదా."

ఆమె పిల్ల కట్టు అంచు సర్దింది. మొండిచెవే కరిచి ఉండొచ్చు. తన చేతిలో రొట్టె తిన్నంత మాత్రాన అది కరవదని చెప్పడానికి తనెవరు? పిల్ల ఆ మెట్ల వైపు చూడ్డానికే జంకుతోంది, పిన్ని వెనక్కి నక్కుతోంది.

"పట్టేస్తాం పిన్నీ, మీరు పదండి," అన్నాడు భర్త. వాళ్ళు వెళ్ళారు. అతను బండి తాళాలు వెతకడానికి లోపలికి వెళ్ళాడు.

ఆమె వల ముందేసుకుని కూర్చుంది. కుట్టాల్సింది ఇంకా కొంచెమే ఉంది. ఒకసారి అతనే చెప్పాడు, వలలో పడి జారిపోయిన కుక్క మళ్ళీ ఆ వీధి ముఖం చూడదని. ఎంత తిండి పెట్టినా రాదట. ఎక్కడికి పోతుందో మాత్రం చెప్పలేదు. ఆమె దారాన్ని పళ్ళతో కొరికి తెంపింది. అడుగున ఒక మూల, కుక్క తల దూరేంత ఖాళీ, అలాగే ఉంది.

దబ్బనాన్ని కొంగులో గుచ్చుకుంది.

భర్త వచ్చి వల అందుకున్నాడు. అలవాటు ప్రకారం పైనుంచి కిందిదాకా పిడికిలితో తడుముతూ పోయాడు. అడుగున అతని చెయ్యి మణికట్టు దాకా ఇవతలికి వచ్చింది. ఆగాడు. ఆమె తల ఎత్తలేదు. లోపల మామగారు ఎవరినో దింపేస్తున్నాడు.

వీధి మలుపులో మేస్త్రీ మోటారుసైకిలు హారన్ మోగింది.

"పిలుస్తాను," అంది ఆమె నేలకేసి చూస్తూ. "నేనే పిలుస్తాను."

అతను వలని మడత పెట్టాడు, చిరుగు లోపలి మడతలోకి పోయేట్టు. భుజాన వేసుకున్నాడు. వంగి, గడప పక్కనున్న గిన్నె తీసి ఆమె చేతిలో పెట్టాడు.

గిన్నెలో రొట్టె అప్పటికే నానిపోయింది. ఈ గిన్నె చప్పుడు అది ఇంకెప్పుడూ నమ్మదు. కొంగు నడుముకి దోపుకుని, లేచి, అతని వంక చూడకుండా ఆమె గడప దాటింది.