నోట్లో చింతపిక్క

పొద్దున్నే కోడలి చేతిలో చింతపిక్క పెట్టడం కూర్మమ్మకి వాకిట్లో కళ్ళాపి జల్లినంత అలవాటైన పని. చద్దన్నం తిని నీలవేణి చెయ్యి చాపేది, అత్తగారు పిక్క పెట్టేది, ఆ పిల్ల దాన్ని బుగ్గన పెట్టుకునేది. ఇంక దీపాలు పెట్టేదాకా నోరు విప్పి పాట పాడ్డానికి లేదు. మాటలకి అడ్డు లేదు సుమండీ, పాటకే.

ఎందుకంటే అది మైకు సెట్టు వాళ్ళిల్లు. చీపురుపల్లి చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా కూర్మమ్మ కొడుకు జగన్నాధం సెట్టు మోగాల్సిందే. హారను, బ్యాటరీ, చేత్తో తిప్పే రికార్డు పెట్టె, దాంతోపాటు నల్ల రికార్డులున్న చెక్కపెట్టె. ఆ రికార్డుల్లోని పాటేదైనా నీలవేణి మాటలతో సహా, మనసు పెట్టి ఒక్కసారి పాడిందంటే, ఆ పాట రికార్డులోంచి దిగిపోయేది. ఆ తర్వాత ముల్లు పెడితే ఇసక జల్లించినట్టు సర్రుమనడమే. పాట దిగిన రికార్డు ఎండుటాకులా తేలిగ్గా ఉండేది కూడాను.

ఊళ్ళో దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. పాలు విరిగినట్టే, రికార్డు దిగింది, అంతే. వాళ్ళ తగువంతా వేరే. అసలు పాట గొప్పదా, నీలవేణి పాడిన పాట గొప్పదా?

"అసలు అసలేరా," అనేవాడు జగన్నాధం టీ కొట్టు బల్ల మీద. "మద్రాసులో అంతమంది ఫిడేళ్ళు పట్టుకుని కూకుంటే వచ్చిన పాట. ఇది పిడకలు సేస్తా పాడిన పాట. రెండూ ఒకటేటి?"

హారను కట్టడానికి చెట్లెక్కేవాడు, బండి తోలేవాడు, నీలవేణికి వరసకి తమ్ముడు అయిన దాలయ్య టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ అనేవాడు: "ఆ ఉయ్యాల పాటే సూడు బావా. రికార్డులో ఆవిడ ఊపిరి తీసుకుంటే తెలవనీదు. నీలవేణప్ప మద్దిలో ఆగిపోయి ఊపిరి తీసుకుంటాది. ఆ ఆగినకాడే ఉయ్యాల ఇటు తిరిగొస్తాది. నాకు అదే బాగున్నాది."

"నీ సెవులకి డబ్బా మోతయినా బాగుంటాది."

"మరి ఆ ఏడుపు పాట? ఆవిడ ఏడస్తాది. నీ ఇంటిది ఏడుపు ఆపుకుంటాది. ఏది ఎక్కువ, నువ్వే సెప్పు."

జగన్నాధం టీ డబ్బులిచ్చి లేచేవాడు. అసలుదే ఎక్కువంటే వినిపించమంటారు, అదీ చిక్కు. ఆ ఉయ్యాల పాటా, ఏడుపు పాటా ఇప్పుడు రికార్డుల్లో లేవు మరి.

ఆమధ్య ఒక రైలు పాట కూడా దిగిపోయి పెళ్ళివారి ముందు పరువు పోయాక, అతను ఇంటికొచ్చి పెళ్ళాం మొహం చూడకుండానే అన్నాడు: "ఇంకొక్క రికార్డు దిగిందా, నిన్ను మీ కన్నోరింటికాడ దించేస్తాను. మళ్ళీ తీసుకురాను." అన్న మాట మీద నిలబడే మనిషి. అదే భయం నీలవేణికి. ఆనాటి నుంచి పిక్క బుగ్గన పెట్టుకునే దంచేది, వండేది. నోరు మూసుకుని ముక్కుతో కూనిరాగం మాత్రం తీసేది. మాటల్లేని రాగానికి రికార్డు దిగదు.

ఆ రోజు గరివిడి అవతల పల్లెలో ఒక రైతు ఇంట పగటి ముహూర్తం. రికార్డులు అందించడానికి, పెట్టె తిప్పడానికి మనిషి దొరక్క జగన్నాధం నీలవేణినే బయల్దేరదీశాడు. బండిలో బ్యాటరీ పక్కన కూర్మమ్మ ఒక మూట పెట్టింది. అందులో నీలవేణి చీరలు, దువ్వెన, కాటుక భరిణె.

"ఇదెందుకత్తా?"

"ఎందుకేటి. దార్లోనేగదా మీ ఊరు. రికార్డేదైనా దిగితే, బట్టలకోసం మళ్ళీ తిరిగి రావక్కర్లేకుండా." కోపంగా అన్లేదు కూర్మమ్మ. గొడుగు పట్టుకెళ్ళమన్నట్టు అంది.

చెక్కపెట్టెలో అన్నిటికీ అడుగున పట్టుగుడ్డలో చుట్టిన రికార్డొకటి ఉంది. వెన్నెల పాట. తన పెళ్ళికి ముందు జగన్నాధం విజయనగరంలో కొన్నాడు. దాన్ని ఏ పెళ్ళిలోనూ వెయ్యడు. ఎప్పుడైనా తనొక్కడే వింటాడు. నీలవేణిని ముట్టుకోనివ్వడు.

ఫ్యాక్టరీ పొగ కనబడే చోటు దాటగానే రోడ్డు చీలింది. ఎడమ దారి నీలవేణి కన్నవారి ఊరికి. ఆ పిల్ల అటు చూళ్ళేదు. బుగ్గలో పిక్క మాత్రం ఇటునుంచి అటు మారింది.

పెళ్ళివారింట దాలయ్య తాడిచెట్టెక్కాడు. జగన్నాధం కింద నిలబడి తాడు అందిస్తూ, వైరు చూసుకుంటూ, ఏదో పాడుకుంటూ పనిలో పడ్డాడు. నీలవేణి వంటపాక దగ్గర రికార్డు పెట్టె ముళ్ళు తుడుస్తోంది. మేళతాళాలు, తలంబ్రాలు, భోజనాలు అన్నీ సవ్యంగానే జరిగాయి. రికార్డులు ఒక్కటీ మొరాయించలేదు. జగన్నాధం భుజాలు కాస్త దిగాయి.

అప్పగింతల వేళయింది. పెళ్ళికూతురు పద్మకుమారి గుమ్మం లోపల నిలబడింది. ఆమె నాయనమ్మ గున్నమ్మ బయటికొచ్చి చెప్పింది: "బాబూ, మా ఇంట ఆడపిల్ల పాట లేకుండా గడప దాటదు. మాకు గొంతులు పోయినాయి. మా గుంట ఆ సినిమా పాటే కావాలంది. అదే వెయ్యి."

'వెళ్ళొస్తాను వాకిలీ' అని మొదలయ్యే పాట. కొత్త రికార్డు. జగన్నాధం ముల్లు మార్చి, నీలవేణి పెట్టె తిప్పుతుంటే, పెట్టాడు.

సర్ర్‌ర్...

తాడిచెట్టు మీద హారను ఊరంతటికీ ఇసక జల్లించింది.

ముల్లు తీసి మళ్ళీ పెట్టాడు. అదే. రెండోవైపు తిప్పితే అక్కడి పాట గణగణా మోగింది. మళ్ళీ ఇటు తిప్పితే ఇసకే. రికార్డు చేతిలోకి తీసుకున్నాడు. ఎండుటాకు.

పెళ్ళికొడుకు మేనమామ నరసింగరావు చేతికర్రతో వచ్చేశాడు. "ఏటయ్యా సెట్టు, ఆటలాడతన్నావా? వర్జ్యం వచ్చేస్తన్నాది. ఈలోగా పిల్ల గడప దాటకపోతే మా గుంటడ్ని తీసుకుని ఎలిపోతాం. పిల్ల మీ ఇంట్లోనే ఉంటాది."

"పాట లేకుండా దాటదు," అంది గున్నమ్మ, మెల్లిగానే.

"అయితే ఉండమను."

మొగపెళ్ళివారు లేచి నిలబడ్డారు. ఒకడు అప్పుడే ఎడ్లని కాడికి తోలుతున్నాడు. గుమ్మంలో పద్మకుమారి ఒక కాలు ఎత్తి, దించి, మళ్ళీ వెనక్కి పెట్టుకుంది.

జగన్నాధం పెళ్ళాం వైపు తిరిగాడు. "ఎప్పుడు పాడినావు?"

"నాను పాడలేదు."

"మరి ఎవులు పాడినారు? సెప్పు. ఎప్పుడు పాడినావు?"

నీలవేణి నోరు తెరిచి చూపించింది. నాలుక మీద చింతపిక్క, పొద్దున్నుంచీ నాని నాని, అద్దంలా మెరుస్తోంది.

తాడిచెట్టు మొదట్లో కూర్చున్న దాలయ్య బీడీ ఆర్పేశాడు. "బావా. పొద్దున్న నాకు తాడందిస్తా నువ్వే గదా పాడినావు. మాటలతో సహా అంతా మనసెట్టి పాడినావు. పైనుంచి విన్నాను."

"నానా? నాకు పాటేటొస్తాది?"

"రాదని నువ్వంటావు. అదీ రికార్డులోలాగ పాడలేదు. అప్ప ముక్కుతో తీస్తాది సూడు, అలగ పాడినావు."

జగన్నాధానికి చెవుల్లో హోరు పెట్టింది. దంపుడు చప్పుడు మధ్య రోజూ వినబడే రాగం. మాటలు లేని ఆ రాగానికి తనెప్పుడు మాటలు తొడిగాడో తనకే తెలీదు. పెళ్ళాం నోటికి తాళం వేసి, తన నోరు తెరిచి వదిలేసుకున్నాడు.

"ఇంకెంతసేపు?" అన్నాడు నరసింగరావు. కర్ర నేలకి కొట్టాడు.

జగన్నాధం మైకు తీసుకున్నాడు. గొంతు బొంగురు, వయసు ముదిరిన గేదె గొంతు. పాట మాత్రం వచ్చింది. వెతుక్కోనక్కర్లేకుండా, బుర్రలోంచి కాకుండా ఇంకెక్కణ్ణుంచో వచ్చింది. సినిమాలో ఆవిడ 'వాకిలీ' అన్నచోట ఫిడేళ్ళతో పోటీగా పైకి ఎగబాకుతుంది. ఇతను అక్కడ కిందికి దిగాడు, నెత్తి మీంచి నీళ్ళకుండ దించినట్టు, చుక్క తొణక్కుండా. నీలవేణి దిగే చోటే దిగాడు. ఆమె ఆగే చోటే ఆగాడు.

మొదట ఎవరో కుర్రాళ్ళు నవ్వారు. తర్వాత నవ్వలేదు. గున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నరసింగరావు కర్ర మీద రెండు చేతులూ ఆన్చి తల వంచుకున్నాడు, ఏ చెల్లెలు గుర్తొచ్చిందో. పాట చివరి మాట దగ్గర పద్మకుమారి గడప దాటింది. వర్జ్యం ఇంకా రాలేదు.

తిరుగు ప్రయాణమయ్యారు. పొద్దు వాలుతోంది. రోడ్డు చీలిన చోట దాలయ్య ఎడ్లని ఆపాడు, వెనక్కి తిరక్కుండా అడిగాడు: "ఎటు బావా?"

రికార్డు దిగింది. అన్న మాట అన్నమాటే కదా. జగన్నాధం పెళ్ళాం ముందు చెయ్యి చాపాడు. నీలవేణి మూట తీసి ఆ చేతిలో పెట్టబోయింది.

"మూట కాదు."

నీలవేణి మూట పక్కన పెట్టింది. వంగి, అతని అరచేతిలో చింతపిక్క వదిలింది. జగన్నాధం దాన్ని చూశాడు, పంచెకి తుడవను కూడా తుడవలేదు, తన నోట్లో వేసుకున్నాడు. బుగ్గ పొంగింది. పాడు అన్నట్టు గడ్డం ఊపాడు.

"ఏది పాడమంటావు?"

అతను చెక్కపెట్టె మీద అరచెయ్యి పెట్టాడు, అట్టడుగున తగలాలన్నట్టు గట్టిగా నొక్కాడు.

నీలవేణి వెన్నెల పాట అందుకుంది. దాలయ్య కొరడా ఒళ్ళో పెట్టుకుని చీపురుపల్లి దారి పట్టించాడు. మొదటి చరణం పూర్తయ్యేసరికి బండి ఎంతో కొంత తేలికపడినట్టుంది. ఎడ్లకి తెలిసింది. ఎవరూ అదిలించకుండానే అడుగు పెంచాయి.