మేకుల తాత బాగుచేసిన బడి

రెండొందల మంది పిల్లల కోసం కట్టిన బడి అది. చుట్టూ కాలనీలు పుట్టగొడుగుల్లా లేచేసరికి ఇప్పుడు ఆరొందల మందయ్యారు. గదులు మాత్రం అవే ఎనిమిది. అవైనా నిలబడ్డాయంటే అటెండరు చలవే. ముప్పై ఏళ్లుగా ఊడిన ప్రతిదానికీ మేకు కొడుతున్నాడని పిల్లలు ఆయనకు మేకుల తాత అని పేరు పెట్టేశారు.

కొత్త భవనం ఇవ్వాలో వద్దో తేల్చడానికి సోమవారం ఇంజినీరు వస్తున్నాడని తెలిసి, పెద్ద టీచరమ్మ ముందే బతిమాలింది.

"తాతా, నీకు దణ్ణం పెడతాను. అప్పటిదాకా సుత్తి ముట్టుకోకు. ఉన్నది ఉన్నట్టు చూడనీ."

తాత తలూపాడు. ఊపితే సరిపోయిందా! పైనుంచి పెద్దమనిషి వస్తుంటే బడిని అలా వదిలేస్తే పరువేం కావాలి? ఆదివారం పొద్దున్నే వచ్చి, పెచ్చులూడే కప్పుకు చెక్క బిగించి సున్నం కొట్టాడు. బీటలు పూడ్చాడు. కిర్రుమనే తలుపులకు నూనె పోశాడు. పైన పటారం, లోన లొటారం!

ఇంజినీరు గదిగదికీ తిరిగి, కాగితం మీద "బాగుంది" అన్నచోటల్లా టిక్కు పెట్టుకుంటూ పోయాడు.

"పాతదైనా గట్టిదేనమ్మా. ఇంకో పదేళ్లు ఢోకా లేదు."

టీచరమ్మ ముఖం మాడిపోయింది. "కొంప ముంచావు కదయ్యా తాతా!" అని గొణిగింది.

తాతకు తాను చేసిన పని అప్పుడు తెలిసొచ్చింది. తన ముచ్చట కోసం ఆరొందల మంది పిల్లల నోట్లో మన్ను కొట్టాడు మరి. పిల్లలంతా బయట ఆటల్లో ఉన్నారు, గది ఖాళీగా ఉంది.

"సార్, కాస్త గుమ్మంలోకి జరగండి," అని స్టూలెక్కి, ఓ పక్కకు ఒదిగి, కప్పుకు బిగించిన చెక్క నుంచి మేకులు పీకాడు. రెండు ఊడాయో లేదో, తట్టెడు పెచ్చులు దబ్బున బెంచీ మీద పడ్డాయి.

"నీకేమైనా పిచ్చా?" అని అరిచాడు ఇంజినీరు.

"మీరు చూసింది బడిని కాదు సార్, నన్ను," అన్నాడు తాత దగ్గుతూ. "వచ్చే నెల నాకు రిటైర్మెంటు. తర్వాత దీన్ని పట్టి నిలబెట్టేవాడుండడు. ఆ బెంచీ మీద ఐదుగురు పిల్లలు కూర్చుంటారు."

ఇంజినీరు బెంచీ వంక కాసేపు చూశాడు. కలం తీసి, పెట్టిన టిక్కులన్నిటి మీదా అడ్డంగా గీత కొట్టేశాడు.

"పద పెద్దాయనా, మిగతా గదులు కూడా చూపించు."

తాతకు ఏడుపొచ్చింది. తాను కొట్టిన మేకు తానే పీకడం ముప్పై ఏళ్లలో ఇదే మొదటిసారి. కళ్లు తుడుచుకుని, స్టూలు చంకన పెట్టుకుని పక్క గదిలోకి నడిచాడు.